జావా నుంచి పైథాన్‌ని పిలవాలంటే: సాకెట్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆదివారం సాయంత్రం పది పన్నెండు మందిమి చేరతాం. గుంటూరు, కడప, ఖమ్మం, శ్రీకాకుళం, ఎక్కడెక్కడి వాళ్లమో. అందరం కోడ్ రాసుకుని బతికేవాళ్లమే. ముందు అద్దెల గురించి తిట్టుకుంటాం, తర్వాత సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ట్రాఫిక్‌ని తిట్టుకుంటాం. ఆ తర్వాత ఎవరో ఒకరు "అక్కా, ఇది ఒకసారి చూస్తావా" అంటూ లాప్‌టాప్ తెరుస్తారు. ఈ మధ్య తెరిచిన ప్రతిసారీ ఒకటే గొడవ. ఒక భాషలో రాసిన ప్రోగ్రాం ఇంకో భాషలో ఉన్న కోడ్‌ని సాకెట్ ద్వారా పిలుస్తుంది, మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోతుంది. చెప్పిందే చెప్పే ఓపిక నాకు అయిపోయింది. అందుకే రాసి పెడుతున్నాను.

ఉదాహరణలన్నిటికీ ఒకటే జత వాడతాను. ఒకటి జావాలో ఉన్న పాత బిల్లింగ్ ప్రోగ్రాం. రెండోది తెలుగు పేరు ఇస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిచ్చే పైథాన్ ప్రోగ్రాం. నేను రెండేళ్లు వీటి మధ్య నలిగినదాన్నే.

రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నప్పుడు ఫంక్షన్‌ని నేరుగా పిలిచేయొచ్చు కదా, మధ్యలో సాకెట్ ఎందుకు?

పిలవొచ్చు, కానీ అనుకున్నంత తేలిక కాదు. జావాలో ఇంట్ అంటే కచ్చితంగా 32 బిట్లు. పైథాన్‌లో పూర్ణసంఖ్యకి హద్దే లేదు, మెమరీ ఉన్నంతవరకు పెరుగుతూ పోతుంది. స్ట్రింగ్‌ని మెమరీలో దాచుకునే తీరు ఒక్కొక్కరిది ఒక్కో రకం. వాడేసిన మెమరీని వెనక్కి తీసుకునే పద్ధతి కూడా ఎవరిది వారిదే. ఇద్దరినీ ఒకే ప్రాసెస్‌లో, అంటే నడుస్తున్న ఒకే ప్రోగ్రాంలో, కూర్చోబెట్టడానికి జేఎన్‌ఐ, సీటైప్స్ లాంటివి ఉన్నాయి, అవి చాలా వేగం కూడా. కాకపోతే అవతలి కోడ్‌లో ఒక పాయింటర్ దారి తప్పితే మీ ప్రోగ్రాం కూడా దాంతోపాటే కూలుతుంది.

సాకెట్ దారిలో రెండూ వేర్వేరు ప్రాసెస్‌లు. పైథాన్ పడిపోయినా బిల్లింగ్ కౌంటర్ నడుస్తుంది, మహా అయితే పేరు తెలుగులోనే ప్రింటవుతుంది. నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఇంతకీ సాకెట్ అంటే ఏమిటి?

రెండు ప్రాసెస్‌ల మధ్య ఆపరేటింగ్ సిస్టమ్ వేసే గొట్టం. ఈ చివర బైట్లు పోస్తే ఆ చివర బయటికొస్తాయి, ఆ చివర పోస్తే ఈ చివరకొస్తాయి. 1983లో బర్క్‌లీ వాళ్ల 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో ఈ ఏర్పాటు బయటికొచ్చింది. నలభై ఏళ్లు దాటినా పెద్దగా మారలేదు. సీ, జావా, పైథాన్, పీహెచ్‌పీ, గో, నోడ్ (సర్వర్‌లో నడిచే జావాస్క్రిప్ట్), ఏది తీసుకున్నా లోపల పిలిచేది ఆ పాత ఫంక్షన్లనే. అందుకే ఏ రెండు భాషలైనా దీని మీద మాట్లాడుకోగలవు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ గొట్టానికి స్ట్రింగ్ తెలియదు, ఫంక్షన్ తెలియదు, మెసేజ్ తెలియదు. దానికి తెలిసింది బైట్లు ఒక్కటే. ఇంతమంది ఇన్ని ఆదివారాలు పట్టుకొచ్చిన ప్రశ్నల్లో పదికి ఎనిమిది అక్కడే పుట్టాయి. సాకెట్ తెరవడం అయిదు లైన్ల పని. ఆ బైట్లకి అర్థం ఏమిటో ఇద్దరూ ముందే మాట్లాడుకోకపోవడం వల్లే రాత్రుళ్లు మేలుకోవాల్సి వస్తుంది.

ఎవరు సర్వర్, ఎవరు క్లయింట్?

పని చేసి పెట్టేవాడు సర్వర్, పని అడిగేవాడు క్లయింట్. మా జతలో పైథాన్ సర్వర్. అది 127.0.0.1 అనే అడ్రస్ (అంటే ఈ కంప్యూటరే) మీద, ఒక పోర్ట్ (ఆ అడ్రస్‌లో తలుపు నంబర్ లాంటిది) దగ్గర బైండ్ అవుతుంది, అంటే ఆ చోటు పట్టుకుంటుంది, లిసెన్ అంటుంది, యాక్సెప్ట్ దగ్గర కూర్చుని ఎదురు చూస్తుంది. జావా అదే అడ్రస్‌కి, అదే పోర్ట్‌కి కనెక్ట్ అవుతుంది. అంతే, గొట్టం సిద్ధం. పోర్ట్ నంబర్ 65535 దాటకూడదు. లినక్స్‌లో 1024 కంటే తక్కువవి మామూలు యూజర్‌కి ఇవ్వరు. నేను ఎప్పుడూ 5050 లాంటిది వాడతాను. టెస్టులు నడిపేటప్పుడు పోర్ట్ 0 అని అడిగితే ఖాళీగా ఉన్న పోర్ట్ ఏదో ఒకటి సిస్టమే ఇస్తుంది.

పంపిందాంట్లో సగమే అందుతోంది. ఒక్కోసారి రెండు మెసేజ్‌లు అతుక్కుని వస్తున్నాయి. నెట్‌వర్క్ బాగాలేదా?

నెట్‌వర్క్ బాగానే ఉంది. ఈ గొట్టంలో బైట్లని మోసే పద్ధతి పేరు టీసీపీ. దానికి మెసేజ్ అన్న ఊహే లేదు.

వేసవిలో మన అపార్ట్‌మెంట్లకి ట్యాంకర్ నీళ్లు వస్తాయి కదా. పొద్దున ఒక ట్యాంకర్, సాయంత్రం ఒక ట్యాంకర్ సంప్‌లో పోస్తారు. మీరు కుళాయి తిప్పి బిందె పట్టుకుంటే ఆ నీళ్లు ఏ ట్యాంకర్‌వో చెప్పగలరా? టీసీపీ కూడా అంతే. పోసిన వరుసలోనే నీళ్లొస్తాయి, చుక్క పోదు, కానీ ట్యాంకర్‌కీ ట్యాంకర్‌కీ మధ్య గీత మాత్రం ఉండదు. పైథాన్‌లో రిసీవ్ 1024 అంటే "1024 బైట్లు ఇవ్వు" అని కాదు, "1024కి మించకుండా ఎన్నుంటే అన్ని ఇవ్వు" అని. మూడు బైట్లే ఇచ్చి ఊరుకున్నా అది తప్పు చేసినట్టు కాదు. సున్నా బైట్లు వచ్చాయంటే అవతలివాడు మూసేశాడని అర్థం.

కాబట్టి గీత మనమే గీసుకోవాలి. దానికి వాడుకలో ఉన్న పద్ధతులు రెండు. ప్రతి మెసేజ్ చివర ఒక గుర్తు, అంటే కొత్త లైన్, పెట్టడం మొదటిది. మెసేజ్‌కి ముందు దాని పొడవు పంపడం రెండోది. మొదటిది కళ్లతో చదువుకోవడానికి బాగుంటుంది. కానీ మెసేజ్ లోపలే ఆ గుర్తు వస్తే కొంప మునిగినట్టే. నేను రెండోదానివైపు. ముందు నాలుగు బైట్లలో పొడవు, తర్వాత అన్ని బైట్ల మెసేజ్. చదివేవాడు ముందు నాలుగు బైట్లు వచ్చేదాకా లూప్‌లో చదవాలి, తర్వాత చెప్పిన పొడవు నిండేదాకా లూప్‌లో చదవాలి. జావాలో డేటా ఇన్‌పుట్ స్ట్రీమ్‌లో ఉన్న రీడ్‌ఫుల్లీ ఆ లూప్ పని తనే చేస్తుంది. పైథాన్‌లో చదివే లూప్ మీరే రాసుకోవాలి. పంపేటప్పుడు మాత్రం ఉత్త సెండ్ కాకుండా సెండాల్ వాడండి. సెండ్ కొన్ని బైట్లే పంపి "ఇన్నే పంపాను" అని ఒక నంబర్ ఇస్తుంది, ఆ నంబర్‌ని ఎవరూ చూడరు.

ఇంగ్లిష్ పేర్లతో బాగానే నడుస్తోంది. తెలుగు పేరు రాగానే పడిపోతోంది. ఎందుకు?

ఈ ప్రశ్నకి జవాబు నేను డబ్బు పోసి నేర్చుకున్నట్టే. కాస్త నిదానంగా చెబుతాను.

జావా వైపు కోడ్ నేనే రాశాను. పేరు తీసుకో, దాని లెంగ్త్ అడుగు, ఆ నంబర్‌ని నాలుగు బైట్లలో పంపు, తర్వాత పేరుని యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలని బైట్లుగా మార్చే పద్ధతిలో, పంపు. వారం రోజులు ఇంగ్లిష్ అక్షరాలతో టెస్ట్ చేశాను, ఒక్క తేడా లేదు. మొదటి రోజు కౌంటర్‌లో వచ్చిన మొదటి తెలుగు పేరు రమణ. బిల్లు మీద ఇంగ్లిష్‌లో ఒకే ఒక్క "ర" ప్రింటయింది. ఆ తర్వాత బిల్లే రాలేదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క లైన్ లేదు. పైథాన్ బతికే ఉంది, సీపీయూ సున్నా. ఫోన్‌లో మేనేజర్, కౌంటర్ దగ్గర క్యూ. నా టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు.

లోపల జరిగింది ఇదీ. "రమణ" లెంగ్త్ ఎంత అంటే జావా 3 అంటుంది. మూడు అక్షరాలు కాబట్టి అది తప్పేం కాదు. కానీ తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. అంటే గొట్టంలో పోసింది 9 బైట్లు. నేను పైథాన్‌తో చెప్పింది మాత్రం "3 వస్తాయి" అని. అది బుద్ధిగా మూడు బైట్లు చదివి, "ర" అని తెలుసుకుని, జవాబిచ్చేసింది. మిగిలిన ఆరు బైట్లు, అంటే "మణ", గొట్టంలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు పైథాన్ తర్వాతి మెసేజ్ పొడవు కోసం నాలుగు బైట్లు చదువుతుంది. దానికి దొరికినవి 224, 176, 174, 224. అవి "మ" మూడు బైట్లు, "ణ"లో మొదటి బైటు. వాటిని ఒక నంబర్‌గా చదివితే 376,96,75,488. అంటే తర్వాతి మెసేజ్ 376 కోట్ల బైట్ల పొడవుంటుందని నమ్మి, అవన్నీ వచ్చేదాకా కూర్చుంది. నేను పంపమని చెప్పిందే అది నమ్మింది, ఏం తప్పు చేసింది పాపం.

ఇదే తప్పు ఎదురు దిక్కున జరిగితే, అంటే పైథాన్ తప్పు పొడవు పంపి జావా చదివితే, ఇంకో వేషం వేస్తుంది. జావా ఇంట్‌లో గుర్తు బిట్ ఉంటుంది కాబట్టి అవే నాలుగు బైట్లు మైనస్ 52,52,91,808 అవుతాయి. అంత పొడవున్న అర్రే ఇవ్వమంటే నెగటివ్ అర్రే సైజ్ అని ఎక్సెప్షన్ విసురుతుంది. నన్నడిగితే అదే నయం. కనీసం అరుస్తుంది.

మందు చిన్నదే. ముందు స్ట్రింగ్‌ని యూటీఎఫ్-8 బైట్లుగా మార్చండి, ఆ బైట్లు ఎన్నో లెక్కపెట్టండి, ఆ లెక్క పంపండి. స్ట్రింగ్ లెంగ్త్‌ని ఎప్పుడూ పంపకండి. ఎన్‌కోడింగ్ పేరు కూడా స్పష్టంగా రాయండి. జావా 18కి ముందు పేరు చెప్పకపోతే సిస్టమ్‌కి ఏది అలవాటైతే అది వాడేది. మీ మాక్‌లో ఒకటి, కౌంటర్‌లో ఉన్న పాత విండోస్‌లో ఇంకొకటి.

ఇంకో మాట. "లక్ష్మి" అని రాస్తే మన కంటికి కనిపించేవి రెండు అక్షరాలు. పైథాన్‌ని అడిగితే 7 అంటుంది, ఎందుకంటే వత్తులు, గుణింతం గుర్తులు కూడా విడివిడిగా లెక్కే. గొట్టంలో వెళ్లేవి 21 బైట్లు. ఒకే పేరుకి మూడు లెక్కలు, మూడూ నిజమే. గొట్టానికి కావాల్సింది మూడోది. ఇప్పుడు నా టెస్టుల్లో మొదటి పేరు ఎప్పుడూ లక్ష్మే.

అయిదు పంపితే ఎనిమిది కోట్లు అందుతోంది!

8,38,86,080 కదా? బైట్ల వరుస తిరగబడింది. జావా నంబర్‌లో పెద్ద బైటు ముందు పంపుతుంది, నెట్‌వర్క్‌లో ఆనవాయితీ కూడా అదే. మన ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు మెమరీలో చిన్న బైటు ముందు పెట్టుకుంటాయి. పైథాన్‌లో స్ట్రక్ట్ మాడ్యూల్‌తో విప్పేటప్పుడు ముందు "పెద్దది" గుర్తు పెట్టండి, అదే ఆ కుడివైపు చూసే బాణం, >. గుర్తు పెట్టకపోతే అది మీ ప్రాసెసర్ అలవాటు ప్రకారం చదువుతుంది.

జేసన్ వాడితే ఈ తలనొప్పులన్నీ పోవా?

కొన్ని పోతాయి. జేసన్ అంటే డేటాని ఏ భాషైనా చదవగలిగే టెక్స్ట్‌గా రాసే పద్ధతి. లోపలి డేటాకి అది మంచిదే, నేనూ అదే వాడతాను. ఏ ఫంక్షన్ కావాలి, దానికి ఏమేం ఇవ్వాలి, ఈ అభ్యర్థన నంబర్ ఎంత అన్నవి ఒక జేసన్‌లో పెట్టి, దాని ముందు పొడవు పంపడం నా పద్ధతి. మెసేజ్ ఎక్కడ అయిపోయిందో మాత్రం జేసన్ చెప్పదు, గీత మళ్లీ మీరే గీయాలి. పొడవు లెక్క నచ్చకపోతే ఒక్కో జేసన్‌ని ఒక్కో లైన్‌లో పంపండి. లోపలున్న కొత్త లైన్ గుర్తుని జేసన్ ఎలాగూ మార్చి రాస్తుంది కాబట్టి ఢీకొనే భయం లేదు.

నంబర్ల దగ్గర జాగ్రత్త. అవతల నోడ్ ఉంటే 9007199254740991 దాటిన పూర్ణసంఖ్యలు చెదిరిపోతాయి. జావా నుంచి 9007199254740993 అనే ఐడీ పంపితే అటువైపు చివర 2 అవుతుంది. చివరి అంకె ఒక్కటే మారుతుంది కాబట్టి ఎవరూ కనిపెట్టరు, ఇంకొకరి ఖాతా తెరుచుకుంటుంది. ఐడీలని స్ట్రింగ్‌గా పంపండి. డబ్బుని పైసల్లో, పూర్ణసంఖ్యగా పంపండి. టైమ్ పంపేటప్పుడు పక్కన +05:30 రాయడం మర్చిపోకండి.

పైథాన్ డేటాని బైట్లుగా మార్చే పికిల్ సంగతి కూడా అడుగుతుంటారు. వద్దు. జావాకి అది అర్థం కాదన్నది ఒక కారణం. బయటినుంచి వచ్చిన పికిల్‌ని విప్పితే అందులో ఉన్న కోడ్ మీ మెషీన్‌లో నడిచే ప్రమాదం ఉందన్నది అసలు కారణం.

పైథాన్‌లో ఎక్సెప్షన్ వస్తే జావాకి ఎలా తెలుస్తుంది?

తెలియదు, మీరు చెబితే తప్ప. ఎక్సెప్షన్ గొట్టం దాటదు. సర్వర్‌లో ప్రతి పిలుపునీ ట్రైలో పెట్టి, పని అయితే ఫలితం, కాకపోతే తప్పు రకం, ఒక వాక్యం వివరణ పంపండి. ఆ తప్పు చూసి జావా వైపు మీ సొంత ఎక్సెప్షన్ విసరండి. పైథాన్ ట్రేస్‌బ్యాక్ మొత్తం కస్టమర్ స్క్రీన్ మీద చూపించకండి, అది లాగ్‌లో ఉండాల్సింది.

టైమౌట్ ఎంత పెట్టాలి? టైమౌట్ అయ్యాక మళ్లీ పంపొచ్చా?

ముందు ఒక చిన్న గొయ్యి చూపిస్తాను. జావాలో సాకెట్ టైమౌట్ మిల్లీసెకన్లలో ఇవ్వాలి, పైథాన్‌లో సెకన్లలో. జావా కోడ్ చూసి పైథాన్‌లో 5000 అని పెట్టిన తమ్ముడు ఒకడున్నాడు. అతని ప్రోగ్రాం గంటా ఇరవై మూడు నిమిషాలు ఓపిగ్గా ఎదురు చూస్తుందన్నమాట. అసలు టైమౌట్ పెట్టకపోవడం ఇంతకన్నా ఘోరం, ఎప్పటికీ చూస్తుంది.

రెండో ప్రశ్న కష్టమైనది. బసవనగుడిలోనో జయనగర్‌లోనో ఏ దర్శినికైనా, అంటే నిలబడి తినే టిఫిన్ హోటల్‌కి, వెళ్లండి. క్యాష్ దగ్గర డబ్బు కట్టి స్లిప్ తీసుకుంటారు, దోసె కౌంటర్ దగ్గర ఆ స్లిప్ ఇస్తారు. దోసె వేసే ఆయనకి తెలుగు రాకపోవచ్చు, మీకు కన్నడ రాకపోవచ్చు, స్లిప్ మీద ఉన్నదే ఇద్దరికీ మాట. పది నిమిషాలైనా దోసె రాలేదు. ఆయన స్లిప్ చూడలేదా, దోసె పెనం మీద ఉందా, వేసింది ఇంకెవరైనా పట్టుకెళ్లారా? నిలబడి ఉన్న మీకు తెలియదు. మళ్లీ డబ్బు కట్టి ఇంకో స్లిప్ ఇస్తే రెండు దోసెలు రావచ్చు. "సార్, నూట పన్నెండు" అని పాత నంబరే గుర్తు చేస్తే ఒక్కటే వస్తుంది.

టైమౌట్ కూడా అదే పరిస్థితి. పని జరగలేదని కాదు, జరిగిందో లేదో తెలియదని దాని అర్థం. పేరుని ఇంగ్లిష్‌లోకి మార్చడం లాంటి పని రెండుసార్లు జరిగినా నష్టం లేదు, ధైర్యంగా మళ్లీ పంపండి. డబ్బు తీసివేయడం, మెసేజ్ పంపడం లాంటివైతే ప్రతి అభ్యర్థనకీ ఒక నంబర్ ఇవ్వండి. మళ్లీ పంపేటప్పుడు అదే నంబర్ పంపండి. సర్వర్ ఆ నంబర్‌ని ఇదివరకే చూసుంటే పని మళ్లీ చేయకుండా పాత జవాబే ఇవ్వాలి. టైమౌట్ అయిన కనెక్షన్‌ని మాత్రం మూసేయండి. ఆలస్యంగా వచ్చిన పాత జవాబు తర్వాతి ప్రశ్నకి జవాబుగా చేతికొస్తే, రమణ బిల్లు మీద లక్ష్మి పేరు పడుతుంది.

రెండు వైపులా ఎర్రర్ లేదు, రెండూ ఆగిపోయి ఉన్నాయి.

"పెహలే ఆప్", ముందు మీరే, అని ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడ్డట్టున్నారు. పొడవు తప్పు కాకపోతే, ఎక్కువసార్లు కారణం ఫ్లష్. జావాలో బఫర్డ్ రైటర్‌కి రాసింది బఫర్ అనే తాత్కాలిక నిల్వలోనే ఉండిపోతుంది. మీరు పంపేశాననుకుని జవాబు కోసం కూర్చుంటారు, పైథాన్‌కి అసలేమీ చేరలేదు కాబట్టి అదీ కూర్చుంటుంది. రాయగానే ఫ్లష్ చేయండి, అంటే బఫర్‌లో ఉన్నదాన్ని గొట్టంలోకి తోసేయండి.

ఆగట్లేదు కానీ ఒక్కో పిలుపుకి సరిగ్గా 40 మిల్లీసెకన్లు పడుతోంది.

ఈ 40 చూడగానే నాకు నవ్వొస్తుంది, పాత చుట్టం. 1984లో జాన్ నేగల్ చిన్న చిన్న ప్యాకెట్లతో నెట్‌వర్క్ నిండిపోకుండా ఒక ఉపాయం చెప్పారు. ముందు పంపిన దానికి రసీదు వచ్చేదాకా తర్వాతి చిన్న ముక్కని ఆపి ఉంచడం. అవతలివైపు ఇంకో పొదుపు ఉంది, రసీదుని కాసేపు ఆపి జవాబుతో కలిపి పంపడం. మీరు పొడవుని ఒక రైట్‌గా, మెసేజ్‌ని ఇంకో రైట్‌గా పంపితే రెండు పొదుపులూ ఒకదాని కోసం ఒకటి ఎదురు చూస్తాయి. లినక్స్‌లో ఆ ఎదురుచూపు సుమారు 40 మిల్లీసెకన్లు. పొడవు, మెసేజ్ కలిపి ఒకే రైట్‌లో పంపండి. దానితోపాటు నేగల్ ఉపాయాన్ని ఆపేసే టీసీపీ నోడిలే ఆప్షన్ ఆన్ చేయండి.

సాకెట్ వాడితే ఎంత స్లో అవుతుంది?

ఒకే ప్రాసెస్‌లో ఫంక్షన్ పిలుపు నానోసెకన్ల పని. ఒకే మెషీన్‌లో సాకెట్ మీద వెళ్లిరావడం పదుల మైక్రోసెకన్లు. బిల్లుకి ఒక పేరు మార్చడానికి ఆ తేడా ఎవరికీ తెలియదు. లక్ష పేర్లని ఒక్కొక్కటిగా పంపితే మాత్రం తెలుస్తుంది. వెయ్యి పేర్లు ఒక మెసేజ్‌లో పంపి వెయ్యి జవాబులు ఒకేసారి తీసుకోండి.

అంతకన్నా పెద్ద తప్పు, ప్రతి పేరుకీ కొత్త కనెక్షన్ తెరిచి మూయడం. ముందు మూసినవాడి వైపు ఆ కనెక్షన్ లినక్స్‌లో ఇంకో 60 సెకన్లు టైమ్ వెయిట్‌లో, అంటే పూర్తిగా విడుదల కాకుండా, ఉంటుంది. క్లయింట్‌కి మామూలుగా దొరికే పోర్ట్‌లు 32768 నుంచి 60999 వరకు, అంటే 28,232. నిమిషం లోపల వాటిని కరగదీస్తే కొత్త కనెక్షన్ దొరకదు. ఒకటి తెరిచి, దాన్నే వాడుకోండి.

"అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అంటోంది.

పాత సర్వర్ ఇంకా బతికే ఉంది, లేదా ఇప్పుడే చెప్పిన టైమ్ వెయిట్. ఎస్‌ఎస్ కమాండ్‌తోనో ఎల్‌సాఫ్‌తోనో ఆ పోర్ట్ ఎవరి చేతిలో ఉందో చూడండి. మీ ప్రోగ్రామే అయితే చంపేయండి. ఎవరూ లేకపోతే, బైండ్‌కి ముందు రీయూజ్ అడ్రస్ ఆప్షన్ పెట్టండి. మాక్‌లో 5000 పోర్ట్ అయితే అది ఎయిర్‌ప్లే చేతిలో ఉండొచ్చు, వేరే నంబర్ చూసుకోండి.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటోంది. సర్వర్ నడుస్తూనే ఉంది.

పోర్ట్ ఒకటేనా చూడండి. తర్వాత లోకల్‌హోస్ట్ అని రాశారా, 127.0.0.1 అని రాశారా చూడండి. లోకల్‌హోస్ట్ అంటే కొన్నిచోట్ల ముందు ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రస్ వస్తుంది. నోడ్ 17 నుంచి ఈ ఫిర్యాదు బాగా పెరిగింది. సర్వర్ పాత రకం ఐపీవీ4 (127.0.0.1) మీద మాత్రమే వింటుంటే ఆ తలుపు మూసే ఉంటుంది. నంబరే రాసేయండి, గొడవ వదిలిపోతుంది.

డాకర్‌లో, అంటే ప్రోగ్రాంని కంటైనర్ అనే వేరు పెట్టెలో పెట్టి నడిపేటప్పుడు, సంగతి వేరు. కంటైనర్ లోపల 127.0.0.1 అంటే ఆ కంటైనరే, మీ లాప్‌టాప్ కాదు. లోపల సర్వర్‌ని 0.0.0.0 మీద, అంటే ఉన్న అన్ని అడ్రస్‌ల మీదా, బైండ్ చేయాలి. బయటికి పోర్ట్ తెరిచేటప్పుడు మాత్రం ముందు 127.0.0.1 తగిలించండి, తర్వాతి ప్రశ్న చదివితే ఎందుకో తెలుస్తుంది.

0.0.0.0 పెడితే అన్నిచోట్లా పనిచేస్తోంది కదా, అదే పెట్టేయొచ్చా?

అన్నిచోట్లా అంటే అందరికీ అని. బీటీఎం లేఅవుట్ పీజీలో ఉండే ఒక తమ్ముడు ఇలాగే పెట్టాడు. ఆ పీజీ వైఫై మీద అరవై మంది ఉంటారు. అతని సర్వర్ ఏం చేసేదంటే, వచ్చిన స్ట్రింగ్‌ని, ఏదిస్తే అది కోడ్‌గా నడిపేసే పైథాన్ ఎవాల్‌కి ఇచ్చి ఫలితం వెనక్కి పంపేది. "ఏ ఫంక్షన్ అయినా పిలవొచ్చక్కా" అని మురిసిపోయాడు. పక్క రూమ్‌లో వాళ్లు కూడా పిలవొచ్చు తమ్ముడూ, ఫైళ్లు తుడిచేసే ఫంక్షన్‌తో సహా.

ఒకే మెషీన్ అయితే 127.0.0.1 మీదే బైండ్ చేయండి. వచ్చిన ఫంక్షన్ పేరుని మీరు ముందే రాసుకున్న పట్టికలో వెతకండి, లేకపోతే తప్పు అని చెప్పండి. పొడవుకి హద్దు పెట్టండి. నేను ఒక మెగాబైట్ దాటితే కనెక్షన్ మూసేస్తాను. ఆ హద్దు మొదటి రోజే ఉండుంటే, రమణ బిల్లు తర్వాత పైథాన్ 376 కోట్ల బైట్ల కోసం తపస్సు చేసేది కాదు, వెంటనే లాగ్‌లో అరిచేది. మెషీన్ దాటి వెళ్లాల్సి వస్తే టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా దాచే పద్ధతి), పాస్‌వర్డ్ లేకుండా వద్దు.

ఒకే మెషీన్ అయితే యూనిక్స్ సాకెట్ మంచిదంటున్నారు?

నిజమే. పోర్ట్ బదులు ఒక ఫైల్ దారి ఉంటుంది, ఎవరు వాడొచ్చో ఫైల్ పర్మిషన్లతోనే చెప్పొచ్చు. జావాకి ఇది 16వ వెర్షన్‌లో వచ్చింది. లినక్స్‌లో ఆ దారి 108 బైట్లు దాటకూడదు.

జీఆర్‌పీసీ లాంటివి ఉండగా ఇదంతా చేత్తో రాయడం ఎందుకు?

పెద్ద టీమ్, పది సర్వీసులు అయితే చేత్తో రాయకండి. గూగుల్ 2015లో బయటపెట్టిన జీఆర్‌పీసీలో ఒప్పందం ఒక ఫైల్‌లో రాస్తే రెండు భాషల కోడ్ అదే తయారు చేస్తుంది. పొడవులు, బైట్ల వరుస, టైమౌట్లు అన్నీ అందులోనే ఉంటాయి. రెండు ప్రోగ్రాములు, మూడు ఫంక్షన్లు ఉన్నచోట మాత్రం దాని సరంజామా ఎక్కువనిపిస్తుంది. మామూలు హెచ్‌టీటీపీ కూడా చెడ్డదేం కాదు. నేను జూనియర్లకి ఒక్కసారైనా చేత్తో రాయమని చెబుతాను. జీఆర్‌పీసీలో ఏదైనా ఇరుక్కున్నప్పుడు కింద ఏం జరుగుతోందో ఊహించగలిగేది అప్పుడే.

నిజంగా ఎవరైనా ఇలా వాడుతున్నారా?

మీరే వాడుతున్నారు. పెద్ద డేటా పనులకి వాడే పైస్పార్క్‌లో మీరు పైథాన్ రాస్తే అది పై4జే అనే లైబ్రరీ ద్వారా, సాకెట్ మీద, జావా వర్చువల్ మెషీన్‌తో మాట్లాడుతుంది. ఆర్ భాషలో ఉన్న స్టాటిస్టిక్స్ కోడ్‌ని జావా నుంచి పిలవడానికి ఆర్‌సర్వ్ ఉంది, 6311 పోర్ట్. రెడిస్ అనే డేటాబేస్ కూడా స్ట్రింగ్‌కి ముందు పొడవు పంపుతుంది, ఆ పొడవు బైట్లలోనే. మీ ఎడిటర్‌లో తప్పు కింద ఎర్రగీత గీసే లాంగ్వేజ్ సర్వర్, ఎడిటర్ ఒక్కోసారి వేర్వేరు భాషల్లో రాసినవే. 2016లో వచ్చిన ఆ ప్రోటోకాల్‌లో కూడా ముందు కంటెంట్ లెంగ్త్, తర్వాత జేసన్.

ఎక్కడ తప్పిందో పట్టుకోవడం ఎలా?

రెండు ప్రోగ్రాములనీ ఒకేసారి అనుమానించకండి. సాకెట్‌కి ఏదైనా పంపి, వచ్చింది చూపించే నెట్‌క్యాట్ కమాండ్‌తో ఒకదాన్ని పక్కన పెట్టండి. జావాని నెట్‌క్యాట్‌కి కనెక్ట్ చేసి, వచ్చిన బైట్లని హెక్స్‌డంప్‌లో చూడండి. టీసీపీడంప్‌ని లూప్‌బ్యాక్ మీద పెట్టినా అవే కనిపిస్తాయి. తెలుగు అక్షరం ఏదైనా మొదటి బైటు 224, రెండోది 176 లేదా 177. హెక్స్‌లో అయితే ఈ0, తర్వాత బీ0 లేదా బీ1. పొడవు ఉండాల్సిన చోట ఈ జంట కనిపిస్తే ఇంకేం వెతకక్కర్లేదు, ఎవరో అక్షరాలు లెక్కపెట్టి పంపారు.

రాత్రి పైథాన్ సర్వర్ చచ్చిపోతే ఎవరు లేపాలి?

మీరు కాదు. లినక్స్‌లో సిస్టమ్‌డీకి అప్పగించి, పడితే మళ్లీ లేపమని రాయండి. జావా వైపు కనెక్షన్ దొరక్కపోతే అర సెకను, ఒక సెకను, రెండు సెకన్లు అలా ఆగుతూ నాలుగైదు సార్లు ప్రయత్నించి, అప్పటికీ కాకపోతే పేరు తెలుగులోనే ప్రింట్ చేయమనండి. మా కౌంటర్‌లో ఇప్పుడు అదే జరుగుతుంది. కిందటి నెల ఒక రాత్రి గంటసేపు తెలుగు బిల్లులే వచ్చాయట, పొద్దున లాగ్ చూస్తే గానీ నాకు తెలియలేదు. ఒక్క కస్టమర్ కూడా ఫోన్ చేయలేదు.